గేమ్ మాస్టర్ వర్ణన: ఎంత చెప్పాలి, ఎక్కడ ఆపాలి

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలో తెర ఉండదు. పాత్రలు నిలబడ్డ చోటు, ఎదురుగా వచ్చిన మనిషి, తలుపు వెనక చప్పుడు, అన్నీ గేమ్ మాస్టర్ నోటి నుంచే రావాలి. నోరు విప్పి చెప్పనిది ఆటగాళ్ల దృష్టిలో లేనట్టే. అలాగని ఉన్నదంతా ఏకరువు పెడితే ఏది పట్టుకోవాలో తెలియక వినడమే మానేస్తారు. ఈ రెండింటి మధ్య పాళ్లు కుదరడం మీదే ఆట నడక చాలావరకు ఆధారపడి ఉంటుంది.

పాళ్లు కుదిరాయో లేదో తేల్చడానికి నమ్మదగిన పరీక్ష ఒకటుంది. గేమ్ మాస్టర్ మాట ఆపి "ఇప్పుడేం చేస్తారు?" అని అడిగినప్పుడు బల్ల చుట్టూ కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక పని తోచాలి. తోచిన పనులు అందరివీ ఒకటే కాకపోతే మరీ మంచిది. "మీరొక గదిలోకి వచ్చారు, అక్కడ ఒక ఓగర్ ఉంది" అంటే ఆటగాడికి మిగిలేది కత్తి దూయడమే. దాక్కోవడానికి చాటు, పారిపోవడానికి దారి, మాట కలపడానికి సాకు, ఏవీ అందలేదు. వర్ణన ఆటగాడికి నిర్ణయం తీసుకునే సరుకు అందించాలి. అందం, వాతావరణం, భాష ఆ తర్వాతి సంగతులు. అవి అక్కర్లేదని కాదు, ఈ పని జరిగాకే వాటికి విలువ.

అతి వర్ణన ఎలా ఉంటుందో చూడాలంటే కాపలావాళ్ల గది ఒకటి తీసుకోవచ్చు. "ఈ గది ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉంది. గోడలు బూడిదరంగు రాతివి, నాచు పట్టి ఉన్నాయి. ఉత్తరపు గోడకు ఆనుకుని చెక్కబల్ల, దానిమీద నాలుగు మట్టి గిన్నెలు, విరిగిన కత్తి, సగం కాలిన కొవ్వొత్తి ఉన్నాయి. తూర్పున పొయ్యి. పడమటి గోడకు వేట దృశ్యం అల్లిన పాత తెర. నైరుతి మూలలో మూడు పీపాలు, వాటి పక్కన చీపురు. నేలమీద ఎండుగడ్డి పరిచారు. ఎదురుగా ఇంకో తలుపు, అది కొద్దిగా తెరిచి ఉంది." ఇందులో తప్పుడు మాట ఒక్కటీ లేదు. కానీ వింటున్నవాడికి చీపురుకీ తెరిచిన తలుపుకీ ఒకే బరువు వినిపిస్తుంది. తలుపు మాట వచ్చేసరికి గది పొడవెంతో మరిచిపోయి ఉంటాడు.

అదే గది ఇలా చెప్పవచ్చు: "కాపలావాళ్ల గది. మనిషి కనబడడు. పొయ్యిలో నిప్పు ఎర్రగా ఉంది, బల్లమీది గిన్నెల్లోంచి ఇంకా ఆవిరి లేస్తోంది. ఎదుటి తలుపు ఓరగా తెరిచి ఉంది; అవతల ఎవరో బరువైనదాన్ని ఈడ్చుకెళ్తున్న చప్పుడు." ఇక్కడ కొలతలు లేవు, దిక్కులు లేవు. అయినా ప్రతి వాక్యం ఒక పనికి పురికొల్పుతుంది. ఆవిరిని బట్టి కాపలావాళ్లు ఇప్పుడే లేచివెళ్లారని ఒకరు గ్రహిస్తారు, ఇంకొకరు తలుపు దగ్గరికి పోయి చెవి పెడతారు, మరొకరు వాళ్లు తిరిగొచ్చేలోగా గది వెతుకుతామంటారు. పీపాలు, తెర, విరిగిన కత్తి ఎక్కడికీ పోలేదు. అడిగినవాళ్లకు అవి దొరుకుతాయి.

చెవికి పట్టేది ఎంత

పుస్తకం చదివేవాడు పంక్తి అర్థం కాకపోతే వెనక్కి వెళ్తాడు. వినేవాడికి ఆ వీలు లేదు. విన్నది విన్నట్టు మనసులో నిలుపుకోవాలి, పైగా తన పాత్ర ఏం చేయాలో కూడా అదే సమయంలో ఆలోచించాలి. మనిషి తాత్కాలిక జ్ఞాపకంలో ఒకేసారి ఏడు అంశాలు, రెండు అటూ ఇటుగా, నిలుస్తాయని అమెరికన్ మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో రాశారు. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను మళ్లీ పరిశీలించి, అసలు సంఖ్య నాలుగుకు దగ్గరగా ఉంటుందని వాదించారు. ఆ పరిశోధనలు ఆటల కోసం చేసినవి కావు. కానీ పాచికలు చేతిలో ఉండి, పక్కవాడు చిప్స్ ప్యాకెట్ విప్పుతుండగా వినే ఆటగాడి దగ్గర అంతకంటే ఎక్కువ ఆశించడానికి కారణం కనిపించదు.

అందుకే అనుభవజ్ఞులు మూడు అనే అంకె దగ్గర ఆగుతారు. మైక్ షియా తన 'రిటర్న్ ఆఫ్ ది లేజీ డంజన్ మాస్టర్' (2018) పుస్తకంలో, ఆటకు సిద్ధమయ్యేటప్పుడు ఒక్కో చోటికి పేరు పెట్టి మూడు విశేషాలు మాత్రం రాసుకుంటే చాలంటారు. ఆ మూడూ మూడు కుర్చీల్లా ఒకే జాతివి కాకూడదు. ఒకటి చోటు స్వభావం చెప్పాలి, ఒకటి చేయి పెట్టడానికి వీలుగా ఉండాలి, ఒకటి ఏదో జరుగుతోందని లేదా జరిగిందని సూచించాలి. కాపలా గదిలో నిప్పు, గిన్నెల ఆవిరి, తలుపవతలి చప్పుడు ఈ పనులే చేశాయి.

తెలుగులో ఆట నడిపేవారు వాక్యం అల్లికను కూడా కాస్త చూసుకోవాలి. తెలుగు వాక్యంలో విశేషణాలన్నీ ముందు వచ్చి అసలు వస్తువు చివర వస్తుంది. "నాచు పట్టి, పగుళ్లు విచ్చి, చీకట్లో సగం కలిసిపోయిన మెట్ల చివర వేలాడుతున్న తుప్పు గొలుసుకు కట్టిన తాళం" అన్నది కాగితం మీద బాగానే ఉంటుంది. చెవికి మాత్రం, ఇదంతా దేని గురించో తాళం దాకా వస్తే గాని తెలియదు. "మెట్లున్నాయి. పాతవి, నాచు పట్టాయి. చివర ఒక గొలుసు వేలాడుతోంది. దానికో తాళం." ఇలా విడగొడితే వినేవాడి కన్ను మెట్టు మెట్టుగా కదులుతుంది. మాట్లాడే భాషలో కథ చెప్పేవాళ్లంతా సహజంగా చేసే పనే ఇది. రాసుకున్న కాగితం చూసి చదవడం మొదలుపెట్టగానే ఆ అలవాటు పోతుంది.

కొలతల అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో అచ్చయింది. దాని పుట్టిల్లు యుద్ధాట. యుద్ధాటలో రణరంగం బల్లమీద అందరికీ కనిపిస్తుంది. కొత్త ఆటలో మ్యాప్ రిఫరీ (అంటే గేమ్ మాస్టర్) దగ్గరే దాగి ఉంటుంది. లోపలికి దిగినవాళ్లు అతని మాటలు విని తమ మ్యాప్ తామే గీసుకోవాలి. 1981 నాటి బేసిక్ నియమాల పుస్తకంలో కూడా ఆటగాళ్లలో ఒకరు మ్యాప్ గీసేవారుగా, ఒకరు అందరి తరఫున పలికేవారుగా ఉండేవారు. గీసేవాడికి అడుగులు, దిక్కులు కావాలి. "ఉత్తరానికి ముప్ఫై అడుగులు, అక్కడ నడవా తూర్పుకు తిరుగుతుంది" అన్నది ఆ ఆటలో పొడి వర్ణన కాదు, దారి తప్పకుండా బయటపడటానికి ప్రాణాధారం. దారి తప్పడమే ప్రమాదంగా ఉండే ఆటల్లో నేటికీ అంతే. ఇవాళ చాలా బల్లల దగ్గర మ్యాప్ గీసేవారు లేరు, కొలతలు చెప్పే అలవాటు మాత్రం మిగిలిపోయింది. ఎవరూ గీయని చోట అడుగుల లెక్క వదిలేసి "పది మంది ఇరుకుగా పడతారు" అంటే సరిపోతుంది.

గైగాక్స్ 'టూంబ్ ఆఫ్ హారర్స్' అనే సాహసంలో మరో మార్గం చూపించారు. 1975లో ఒరిజిన్స్ సమావేశంలో ఆడించి 1978లో అచ్చు వేసిన ఆ మాడ్యూలుతో పాటు, ఆటగాళ్లకు చూపించడానికే ప్రత్యేకంగా బొమ్మల పుస్తకం ఇచ్చారు. ఆ సమాధిలో బతకడం చిన్న చిన్న వివరాలు గమనించడం మీద ఆధారపడి ఉంటుంది. గోడ మీది చిత్రంలో ఏముందో నోటితో చెబితే, ఏ ముక్క ముఖ్యమో గొంతే పట్టించేస్తుంది. బొమ్మ చూపిస్తే వెతికే పని ఆటగాడి కంటికి మిగులుతుంది. చిక్కు వివరాలున్న చోట బొమ్మ గాని, చేతికిచ్చే చిన్న ఉత్తరం గాని పది వాక్యాల పని చేస్తుందన్నది ఇప్పటికీ నిజమే.

1980ల మాడ్యూళ్లలో గీతల పెట్టెలో పెట్టిన పాఠం సాధారణమైంది. గేమ్ మాస్టర్ పైకి చదవాల్సిన భాగమది. దాని మేలు స్పష్టమే: రహస్యాలు నోరు జారవు, కొత్తవాళ్లకు ఊతం దొరుకుతుంది. కీడు కూడా అంతే స్పష్టం. అది కంటితో చదివేవాళ్ల కోసం రాసిన గద్యం. చదువుతున్నంతసేపూ గేమ్ మాస్టర్ తల వంచుకునే ఉంటారు, ఎదుటివాళ్ల ముఖాలు కనిపించవు. ఇంగ్లీషు మాడ్యూలు ముందు పెట్టుకుని తెలుగులో ఆడించేవారికి కష్టం రెట్టింపు: అప్పటికప్పుడు అనువదిస్తుంటే మాట తడబడుతుంది, వాక్యాలు వంకరపోతాయి. ముందురోజే ఆ పాఠం చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంత మేర మూడు ముక్కలు సొంత మాటల్లో రాసుకోవడం మేలు. గుర్తులేనివి చాలావరకు అక్కర్లేనివే అయి ఉంటాయి.

మూడు పొరలు

వివరాన్ని కుదించడమంటే లోకాన్ని పలచన చేయడమని కొందరు భయపడతారు. అలా జరగనక్కర్లేదు. ఒక చోటు గురించి తెలిసినదంతా ఒకేసారి పోయకుండా పొరలుగా ఉంచుకోవాలి.

గుమ్మంలో నిలబడ్డ ఎవరికైనా కనిపించేది, వినిపించేది మొదటి పొర. అడగకుండానే చెప్పాలి. దగ్గరికి వెళ్లి చూసినవాడికి తెలిసేది రెండో పొర. చూస్తున్నానని ఆటగాడు అంటే చాలు, పాచిక వేయించకుండా ఇచ్చేయాలి. సమయం, నేర్పు, సాహసం ఖర్చుపెడితేనే దొరికేది మూడోది. పాచికకు పని ఇక్కడే.

కాపలా గదిలో ఇది ఇలా నడుస్తుంది. "అన్నా, ఆ బల్లమీద ఏముంది?" అని ఒకరు అడుగుతారు. "నాలుగు గిన్నెలు. మూడింట్లో గంజి, సగం తాగి వదిలేశారు. నాలుగోదాన్ని ఎవరూ ముట్టలేదు" అని జవాబు. ఆ జవాబులోనే ఇంకో ప్రశ్న ఉంది, ఆటగాడు దాన్ని పట్టుకుంటాడు. "ముట్టనిది వాసన చూస్తా." ఇప్పుడు మూడో పొర: మూలికలు తెలిసిన పాత్రకు అందులో మత్తుమందు ఉందని తెలియవచ్చు, తెలియకపోవచ్చు. మొదటి వాక్యంలోనే నాలుగు గిన్నెలు, గంజి, మత్తుమందు చెప్పి ఉంటే అది సమాచారం అయ్యేది. ఆటగాడు అడిగి తెలుసుకున్నాడు కాబట్టి తను కనిపెట్టింది అయ్యింది. తాను కనిపెట్టినది ఆటగాడికి గుర్తుంటుంది. వర్ణనలో ఆపే చోటు తెలియడం వల్ల కలిగే అతిపెద్ద లాభం ఇదే.

పొరల విషయంలో తరచూ జరిగే పొరపాటు, మొదటి పొరను మూడోదానిలో దాచడం. కళ్లెదుట ఉన్న శవాన్ని చూడటానికి కూడా పాచిక వేయమంటారు. పాచిక పడదు, శవం కనబడదు, కథ అక్కడే కూలబడుతుంది. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఐదవ కూర్పు (2014) నియమాల్లో ప్రతి పాత్రకూ పదికి గమనించే నేర్పు కలిపిన ఒక స్థిర సంఖ్య ఉంటుంది. పాత్ర ప్రత్యేకంగా వెతక్కపోయినా, ఆ సంఖ్యకు అందే వివరం దాని కంట పడినట్టే. ఒక్కో పాత్రకున్న ఆ సంఖ్యను ఒక చీటీమీద రాసి దగ్గర పెట్టుకుంటే, ఎవరికి ఏం కనిపిస్తుందో ఆట ఆపకుండా చెప్పవచ్చు.

కథ ముందుకు సాగడానికి తప్పనిసరైన ఆధారాన్ని ఏ నేర్పు వెనకా దాచకూడదు. రాబిన్ లాస్ రూపొందించిన గమ్‌షూ నియమాలు, వాటిమీద నిర్మించిన కెన్నెత్ హైట్ 'ట్రెయిల్ ఆఫ్ కథుల్హు' (2008) ఈ సూత్రం మీదే నిలబడ్డాయి: సరైన నేర్పున్న పాత్ర సరైన చోట వెతికితే ముఖ్యమైన ఆధారం దొరికి తీరుతుంది, దాని అర్థం విప్పడమే ఆట. జస్టిన్ అలెగ్జాండర్ 2008లో రాసిన మూడు ఆధారాల సూత్రం ఇంకో దారి నుంచి అక్కడికే చేరుతుంది. ఆటగాళ్లు చేరుకోవలసిన ప్రతి నిర్ధారణకూ కనీసం మూడు ఆధారాలుండాలి, ఎందుకంటే ఒకటి కంటపడదు, ఒకదాన్ని పట్టించుకోరు, ఒకదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. వర్ణన ఎంత పొదుపుగా ఉంటే ఈ సూత్రం అంత అవసరం.

నిడివి కూడా ఏదో చెబుతుంది

ఎర్ర తివాచీని రెండు వాక్యాలు వర్ణిస్తే ఆటగాళ్లు దాన్ని ఎత్తి చూస్తారు, కింద నేల తడతారు, అంచులు కోస్తారు. అది వాళ్ల తప్పు కాదు. గేమ్ మాస్టర్ ఏ వస్తువు మీద మాటలు ఖర్చుపెడితే అది ముఖ్యమని వాళ్లు నమ్ముతారు, నమ్మాలి కూడా. తివాచీలో ఏమీ లేకపోతే రెండు దారులున్నాయి. ఆటగాళ్ల ఊహ బాగుంటే దాన్నే నిజం చేసి ఏదో ఒకటి దొరికించవచ్చు. లేదంటే "తివాచీ బాగా వెతికారు, అందులో ఏమీ లేదు" అని తేటగా చెప్పి ముందుకు సాగాలి. ఈ రెండోదానికి చాలామంది వెనకాడతారు, గుట్టు విప్పినట్టవుతుందని. ఒక సాయంత్రంలో అరగంట ఖాళీ తివాచీకి పోవడం కంటే ఆ గుట్టు విప్పడమే నయం.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది. ఉచ్చు ఉన్న గదికే వర్ణన, మిగతావాటికి ఒక్క ముక్క అయితే, వర్ణన మొదలవగానే అందరూ డాళ్లు ఎత్తుతారు. అందుకని ప్రమాదం లేని చోట కూడా ఒక చిన్న వివరం వేసే అలవాటు ఉండాలి: సత్రంలో ఒక కుంటి కుక్క, నడవాలో ఎవరో చెక్కిన పేరు. అలవాటు నిలకడగా ఉంటే ఉచ్చును న్యాయంగా, అందరి ముందే, దాచవచ్చు.

ఏ ఇంద్రియానికి ఏం అందుతుంది

చీకటిలో ఎంత కనిపిస్తుందో చెప్పకుండా చోటు వర్ణించడం మామూలుగా జరిగే లోపం. ఐదవ కూర్పు నియమాల్లో కాగడా ఇరవై అడుగుల దాకా బాగా వెలుగిస్తుంది, ఆపైన ఇంకో ఇరవై అడుగులు మసక. వంద అడుగుల హాలులో అవతలి గోడ మీది చిత్రాలు గుమ్మం నుంచే వర్ణిస్తే కాగడా, చీకటి రెండూ అర్థం కోల్పోతాయి. చీకట్లో చూడగల ఎల్ఫ్, డ్వార్ఫ్ వంటి పాత్రలకు కూడా కటిక చీకట్లో రంగులు తెలియవు, బూడిదరంగు ఛాయలే కనిపిస్తాయి. నేలమీది తడి నీరో రక్తమో ఆ పాత్రకు చూపుతో తేలదు. వంగి వాసన చూడాలి, లేదా దీపం వెలిగించి తన ఉనికి బయటపెట్టుకోవాలి. నియమం పెట్టిన ఈ హద్దును గౌరవిస్తే వర్ణన దానంతటదే తగ్గుతుంది, ఉత్కంఠ పెరుగుతుంది.

చూపు కాకుండా ఇంకొక్క ఇంద్రియం చేరిస్తే చోటుకు ప్రాణం వస్తుంది. గబ్బిలాల రెట్ట వాసన, కాళ్ల కింద ఇసుక కరకర, గుమ్మం దాటగానే ముఖానికి తగిలిన చల్లగాలి, వీటిలో ఒకటి చాలు. ఐదు ఇంద్రియాలూ వరసపెట్టి చెప్పడం పాఠం అప్పజెప్పినట్టుంటుంది. అలాగే భయంకరమైన, భారీ, అద్భుతమైన వంటి మాటలకు ఆటగాడి మనసులో బొమ్మ ఏర్పడదు. రాక్షసుడు చాలా ఎత్తు అనేకంటే, తలుపు దాటడానికి నడుము దాకా వంగాడు అంటే ఎత్తు తెలుస్తుంది, ఆ తలుపు దగ్గర వాడిని అడ్డుకోవచ్చని కూడా తెలుస్తుంది.

ప్రమాదం కళ్లెదుటే ఉన్నప్పుడు దాన్ని ముందు చెప్పాలా, చివర చెప్పాలా అన్నదానిమీద భిన్నాభిప్రాయాలున్నాయి. ఓగర్ అన్న మాట విన్నాక ఎవరూ పీపాల గురించి వినరు, అందుకే చివర పెట్టమని కొందరు. గదిలోకి అడుగుపెట్టినవాడికి మొట్టమొదట కనిపించేది ఓగరే కదా, దాన్ని చివరిదాకా దాచడం మోసమని మరికొందరు. ఒక్క ఊపిరిలో చోటు చెప్పి వెంటనే ఓగర్ దగ్గరికి రావడం ఈ రెంటికీ సరిపోతుంది: "పీపాలు పేర్చిన ఇరుకు గది, వాటి మధ్య ఓగర్, చేతిలో దూలం." మిగతావి పోరు నడిచేకొద్దీ, ఎవరికి అవసరమైతే వారికి.

సందర్భాన్ని బట్టి

పోరాటంలో కావలసింది స్పష్టత. శత్రువులెందరు, ఎంత దూరం, మధ్యలో ఏముంది, బయటికి దారెటు. గళ్ల మ్యాప్, బొమ్మలు పెట్టి ఆడితే ఇవి కంటికే తెలుస్తాయి. మాటను దెబ్బ తగిలిన తీరుకు వాడుకోవచ్చు. మ్యాప్ లేకుండా ఊహలోనే నడిపితే, ఒక్కొక్కరి వంతు రాగానే పరిస్థితిని ఒక వాక్యంలో గుర్తుచేయాలి: "నీ ముందు ఇద్దరు, మూడోవాడు మెట్లెక్కి పారిపోతున్నాడు." ప్రతి దెబ్బకూ వర్ణన అక్కర్లేదు. నాలుగో దెబ్బకల్లా మాటలు అరిగిపోతాయి. పోరు మలుపు తిరిగిన దెబ్బకు, శత్రువు కూలిన దెబ్బకు కాస్త నిలబడితే చాలు. 2015లో ప్రసారం మొదలైన 'క్రిటికల్ రోల్' కార్యక్రమంలో మాథ్యూ మెర్సర్ చివరి దెబ్బ ఎలా కొట్టాలో చెప్పమని ఆటగాడినే అడుగుతారు. ఆ పద్ధతి ఎంతో మంది అందిపుచ్చుకున్నారు. ఆ కార్యక్రమంలోని వారంతా గొంతు నటనలో ఆరితేరినవారని, చూసేవాళ్ల కోసం కూడా ఆడుతున్నారని గుర్తుంచుకోవాలి. అక్కడి సుదీర్ఘ వర్ణనలను ఇంట్లో నలుగురి ఆటకు కొలబద్దగా పెట్టుకుని కుంగిపోవలసిన పని లేదు.

ప్రయాణం, కొనుగోళ్లు, కాలం గడవడం వీలైనంత పొట్టిగా ఉండాలి. ఆరు రోజుల అడవి దారికి రెండు వాక్యాలు చాలు. మనుషుల విషయంలో, ఒక రూపురేఖ, ఒక మాటతీరు లేదా అలవాటు, ఒక కోరిక సరిపోతాయి. కోరిక తప్పనిసరి. దుకాణదారుడి మీసం ఎలా ఉన్నా ఫరవాలేదు, కొడుకు ఊరొదిలి పోయాడని బెంగ పడుతున్నాడంటే ఆటగాళ్లకు అతనితో మాట్లాడే విషయం దొరుకుతుంది.

భయం పుట్టించే ఆటల్లో పొదుపు ఇంకా ఎక్కువ కావాలి. శాండీ పీటర్సన్ 'కాల్ ఆఫ్ కథుల్హు' (1981) వంటి ఆటలో రాక్షసిని నిలువెత్తునా వర్ణిస్తే అది కొలవదగిన జంతువైపోతుంది. తడిసిన అడుగుల గుర్తు, కిటికీ మీద లోపలివైపు పడిన చేతి ముద్ర, ఆ తర్వాత మౌనం, ఇవే పనిచేస్తాయి. సాహసాల ఆటలో కూడా రాక్షసి పేరు వెంటనే చెప్పకపోవడం మంచి అలవాటు. ట్రోల్ అనగానే, దానికి నిప్పు విరుగుడని పుస్తకంలో చదివిన ఆటగాడు నిప్పు తీస్తాడు. "నరికిన చోట మాంసం మళ్లీ కూడుకుంటోంది" అంటే అందరూ కలిసి ఆలోచిస్తారు.

వర్ణించకూడనివి

ఆటగాడి పాత్ర మనసు ఆటగాడిది. "నీకు గుండె జారిపోయింది", "ఆమెను చూడగానే జాలి కలిగింది" వంటి వాక్యాలు అతని చేతిలోంచి పాత్రను లాక్కుంటాయి. ఇంద్రియాలకు అందేది చెప్పి, భయపడాలో వద్దో అతనికే వదిలేయాలి. మంత్రప్రభావమో, మతి చలించే నియమమో ఉన్నప్పుడు మాత్రం దీనికి మినహాయింపు.

హింస, చిత్రహింస, లైంగిక విషయాల్లో ఎంత వివరం ఉండాలన్నది గేమ్ మాస్టర్ ఒక్కరు తేల్చేది కాదు. రాన్ ఎడ్వర్డ్స్ 2003లో ప్రతిపాదించిన గీతలు, తెరలు అనే పద్ధతిలో, ఆటలోకి అసలు రాకూడనివి ఏవో, జరిగినా తెర వెనక జరగాల్సినవి ఏవో ముందే మాట్లాడుకుంటారు. 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ తెచ్చిన ఎక్స్ కార్డు ఆట మధ్యలో పనికొస్తుంది. దాన్ని ఎవరు తాకినా, కారణం అడగకుండా, ఆ వివరం అక్కడితో ఆపాలి. వావివరసలు, వయసు తేడాలున్నవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే నోరు తెరిచి వద్దనడం చాలామందికి కష్టం. అలాంటి చోట ఇలా ముందే మాట్లాడుకోవడం మరీ అవసరం.

కొంత వర్ణన ఆటగాళ్లకే అప్పగించవచ్చు. విన్సెంట్ బేకర్ 'అపోకలిప్స్ వరల్డ్' (2010) ఆటగాళ్లను ప్రశ్నలడిగి వాళ్ల జవాబుల మీద లోకం కట్టమంటుంది. దాని బాటలో వచ్చిన 'డంజన్ వరల్డ్' (2012) మ్యాపులో ఖాళీలు వదలమంటుంది. "నువ్వు పుట్టిన ఊరే కదా, ఈ సంతలో నీకు మొదట తగిలే వాసన ఏది?" అని అడిగితే గేమ్ మాస్టర్‌కి ఒక వాక్యం తగ్గుతుంది, ఆటగాడికి ఆ ఊరు సొంతమవుతుంది. హంతకుడెవరు, గుహలో ఏముంది వంటివి అడగకూడదు. అవి కనుక్కోవడానికే వాళ్లు వచ్చారు. అప్పటికప్పుడు కల్పించడానికి ఇబ్బందిపడే ఆటగాళ్లూ ఉంటారు. వాళ్లను ఆ ప్రశ్నతో ఇరకాటంలో పెట్టకూడదు.

బల్ల దగ్గర తెలిసే గుర్తులు

పాళ్లు తప్పాయని ఆటగాళ్ల తీరే చెబుతుంది. "తలుపులెన్ని?", "వాళ్లు ఎంత దూరంలో ఉన్నారు?", "ఆగు, మనం లోపలున్నామా బయటా?" అని పదే పదే అడుగుతుంటే మొదటి పొర చాలలేదు. పాచికలు గోపురంలా పేరుస్తుంటే, ఫోను తీస్తుంటే, వర్ణన మధ్యలోనే "నేను దాడి చేస్తా" అంటే ఎక్కువైంది. మధ్యలో అడ్డుపడినవాడిని ఆపి మిగతాది పూర్తిచేయాలన్న ఆరాటం వద్దు. అతనికి చేయాలనిపించింది కాబట్టి వర్ణన తన పని చేసినట్టే. మిగిలినవి అతను చేసిన పని ఫలితంలో చెప్పవచ్చు.

సిద్ధం చేసుకునేటప్పుడు మొదటి వాక్యం ఒక్కటి పూర్తిగా రాసుకుని, మిగతావి ముక్కలుగా ఉంచుకోవాలి: నిప్పు, ఆవిరి, ఈడ్చిన చప్పుడు. పైకి ఒకసారి చెప్పి చూసుకుంటే అరనిమిషం దాటుతోందో లేదో తెలుస్తుంది. దాటితే ఒక ముక్క రెండో పొరకు పంపాలి.

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి గేమ్ మాస్టర్ మనసులోని బొమ్మ, ఆటగాడి మనసులోని బొమ్మ వేరవుతాయి. ఆటగాడు అగాధం దూకుతానంటాడు; అది ఐదడుగులని అతని ఊహ, ముప్ఫై అడుగులని గేమ్ మాస్టర్ ఊహ. ఇలాంటప్పుడు పాచిక వేయించి పాత్రను చంపడం అన్యాయం, ఎందుకంటే ఆటగాడు చూడనిది పాత్ర కళ్లారా చూస్తోంది. వివేకం లేని పనిలా తోచినది ఏదైనా ఆటగాడు చెబితే, ముందు వర్ణన సరిగ్గా అందిందో లేదో చూసుకోవాలి. "అంచున నిలబడి చూస్తే అవతలి గట్టు ముప్ఫై అడుగుల దూరం. కింద నీళ్ల చప్పుడు వినిపిస్తోంది గాని అడుగు కనిపించడం లేదు. దూకుతావా?" అని ఒక్కసారి చెప్పాలి. అతను మనసు మార్చుకుంటే ఆ మాట అనలేదన్నట్టే ఆట కొనసాగించాలి. అన్నీ విని, అయినా దూకుతానంటే, అప్పుడు పాచిక వేయించాలి.